పొడి పంపు

ప్రహ్లాద్ పోయి నాలుగు నెలలైంది. అతని మారుతి 800 ఆ నాలుగు నెలలూ నాంపల్లి స్టేషన్ వెనక సందులో, అతను పనిచేసిన మెకానిక్ షెడ్డు ముందు కదలకుండా ఉంది. ఇంజనుకు ఆయిల్ ఎక్కించే పంపు అరిగిందని కనిపెట్టింది ప్రహ్లాదే. ఉస్మాన్‌గంజ్ వెళ్లి కొత్త పంపు తెచ్చి అలమరలో పెట్టాడు. ఆ వారమే గుండె ఆగింది.

పాత సామాన్లు కొనే మనిషి శనివారం ఐదింటికి వచ్చి బండి తీసుకెళ్తానన్నాడు. ప్రహ్లాద్ భార్య పద్మ సరేనంది. షెడ్డులో ప్రహ్లాద్‌తో ఇరవై ఆరేళ్లు పనిచేసిన పరశురాం ఆమెను ఒక్కటే అడిగాడు.

"వదినే, గప్పటిదాక నాకు టైమియ్యి. ఇంజను నడిస్తే ఉంచుకో. నడవకుంటే తీస్కపోనియ్యి."

"నాకు నడపరాదు గదన్నా. ఉంచుకొని ఏం జెయ్యాలె?"

పరశురాం తాళం కోసం చెయ్యి చాపాడు.

శుక్రవారం పొద్దున పని మొదలుపెట్టాడు. టైమింగ్ బెల్టు తీశాడు. బండి కిందికి దూరి, ఇంజను అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ దించాడు. ఆయిల్ పీల్చే జాలిని పెట్రోలుతో కడిగాడు. పాత పంపు ఊడదీశాడు. కొత్తది డబ్బాలోంచి తీసి, బట్టతో తుడిచి, ప్యాకింగ్ పెట్టి బిగించాడు. శనివారం మధ్యాహ్నానికి ఛాంబర్ ఎక్కించి మూడు లీటర్ల ఆయిల్ పోశాడు. ఒంటిగంటకు తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది. స్టీరింగ్ వెనక ఆయిల్ గుర్తున్న ఎర్ర లైటు వెలిగే ఉంది. ఆయిల్ పైకెక్కితే అది రెండు మూడు క్షణాల్లో ఆరిపోవాలి. ఐదు లెక్కపెట్టాడు. ఆరలేదు. ఇంజను పైభాగంలో టకటక మొదలైంది. ఆపేశాడు.

తప్పేమిటో అప్పుడు తెలిసింది. కొత్త పంపును బిగించే ముందు దాని లోపల ఆయిల్ నింపాలి. పొడిగా ఉన్న పంపు ఛాంబర్‌లోని ఆయిల్‌ను పీల్చలేదు. షెడ్డులో ఆ పని ప్రహ్లాద్‌ది. గొంతుక్కూర్చుని పంపులో ఆయిల్ పోసేవాడు, వేలితో గేర్లు తిప్పేవాడు, బట్టలో చుట్టి కారు కిందికి అందించేవాడు. పరశురాం అందుకుని బిగించేవాడు. ఇరవై ఆరేళ్లలో పంపును డబ్బాలోంచి తీయడం పరశురాంకు ఇదే మొదటిసారి.

మళ్లీ అంతా విప్పాలంటే ఒక రోజు పడుతుంది. చేతిలో ఉన్నది నాలుగు గంటలు. ఇంకో దారి ఉంది. ఎర్ర లైటుకు తీగ వెళ్లే స్విచ్ విప్పి, ఆ రంధ్రంలోంచి పంపులోకి ఆయిల్ ఎక్కించాలి. ఇంజను అందుకోకుండా స్పార్క్ ప్లగ్గులు తీసేసి, తాళంతో ఊరికే తిప్పాలి. రంధ్రంలోంచి ఆయిల్ బయటికొస్తే పంపు పట్టినట్టు. పది లెక్కపెట్టేలోగా రాకపోతే ఆపాలి, లేకపోతే లోపలి బేరింగులు పోతాయి. తాళం దగ్గర ఒకరు, రంధ్రం దగ్గర ఒకరు ఉండాలి.

స్విచ్ విప్పాడు. ప్లగ్గులు తీశాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

రెండింటికి పద్మ వచ్చింది. గన్‌ఫౌండ్రీలో ఒక బడి ఆఫీసులో క్లర్కు. శనివారం ఒంటిపూట.

"ఏందన్నా, గట్ల కూసున్నవ్?"

"పంపుల ఆయిల్ నింపకుంటనే బిగిచ్చిన."

"మరిచినవా?"

"మరువలే. నేనెన్నడు నింపలే. ఆయననే నింపుతుండె."

పద్మ చేతిసంచి బండి మీద పెట్టింది. "ఇంట్ల గూడ గంతే. గ్యాస్ సిలిండర్ నేనెన్నడు పెట్టలే. మొన్న అయిపోతే పక్కింటామెను పిలిచిన."

"జర బండ్ల కూసో. తాళం తిప్పాలె."

ఆమె వెళ్లి ఎడమ తలుపు తీసింది.

"గటు కాదు వదినే. ఇటు."

పద్మ చుట్టూ తిరిగి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. పరశురాం ఆయిల్ క్యాన్ ముక్కు రంధ్రానికి ఆనించి నింపాడు.

"తిప్పు."

ఇంజను తిరిగింది. పది లెక్కపెట్టాడు. ఏమీ రాలేదు. "ఆపు."

మళ్లీ నింపాడు. "తిప్పు." ఏడు దగ్గర ఆయిల్ అతని వేళ్ల మీదికి వచ్చింది.

"ఆపు. ఆపు."

"ఖరాబైందా?"

"లే. వచ్చింది."

స్విచ్, ప్లగ్గులు బిగించి, ఈసారి ఇంజను నిజంగానే స్టార్ట్ చేయమన్నాడు. రెండు లెక్కపెట్టేసరికి లైటు ఆరింది. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. ఉదయం నుంచి తిన్నది లేదు. చాలాసేపు విన్నాడు. టకటక లేదు.

"ఏమంటుంది?" అంది పద్మ.

"ఏమంటలేదు. అనొద్దు గూడ."

ఆమె సీట్లోంచి దిగకుండానే ఫోన్ తీసి సామాన్ల మనిషిని రావద్దంది. అతను ఏదో అన్నాడు. "ఔ, నడుస్తుంది," అని పెట్టేసింది.

"నడపనీకి నేర్చుకుంటవా?" అన్నాడు పరశురాం.

"చూస్త. గప్పటిదాక ఐతారం ఐతారం స్టార్ట్ చేస్త. గది ఒచ్చింది గదా."

"లైటు ఆరకుంటే బంద్ చెయ్యి. నాకు ఫోన్ చెయ్యి."

బండిని ఆమె ఇంటి ముందు పెట్టి, తాళం ఇచ్చి, నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.

మర్నాడు ఆదివారం, షెడ్డుకు సెలవు. పది దాటాక పరశురాం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీది పుస్తకాల కుప్పల పక్కన నడుస్తున్నాడు. ఏమీ కొనడానికి రాలేదు. ఫోన్ మోగింది.

"ఆరింది," అంది పద్మ.

"ఎంతసేపట్ల?"

"రెండు లెక్కవెట్టిన."

"మంచిది."

ఆమె బండి ఆపలేదు. ఆమె ఫోన్ పెట్టలేదు. అతనూ పెట్టలేదు. బస్సుల చప్పుడులో వినబడక, ఒక మూసిన దుకాణం మెట్ల మీదికి జరిగి, రెండో చెవి మూసుకుని ఫోన్‌లో ఇంజను చప్పుడు విన్నాడు.