హికరీ కామ

గొడ్డలి ఊడిపోయినప్పుడు కేశవరావు గారు నాకు రెండు బారల దూరంలో నిలబడి ఉన్నారు. ఇనుము ఆయన చెవి పక్కనుంచి పోయి యాగశాల తలుపుకి తగిలింది. తలుపు చీలింది. నా చేతిలో ఉత్త కామ మిగిలింది, పట్టుకునే కర్ర.

పార్సిప్పనీలో మా అమ్మాయి శాంతి ఇంటికి వచ్చి ఆరేళ్ళు. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళిపోతారు. శుక్రవారం ఒక్కరోజు కేశవరావు గారు వచ్చి నన్ను కారులో గుడికి తీసుకెళ్ళేవారు. హోమానికి ఓక్ దుంగలు చీల్చి పేర్చేవాణ్ణి. ఈ దేశంలో నేను చేసిన పని అదొక్కటే. మిగతా ఆరు రోజులూ ఆ రోజు ఎప్పుడొస్తుందా అని గడిచేవి.

గుడి ప్రెసిడెంట్ లక్ష్మీపతి గారు తలుపు చూసి, ఇంక గొడ్డలి వద్దన్నారు.

"ఇన్సూరెన్స్ వాళ్ళకి తెలిస్తే గుడి మూయించేస్తారు. చీల్చిన కట్టెలు సంచుల్లో దొరుకుతాయి, ఆర్డర్ చేద్దాం."

తల పోగొట్టుకోబోయిన మనిషే నా తరఫున పోట్లాడారు. "తప్పు ఆచారి గారిది కాదండీ. స్టోర్‌లో కొన్న కామ అది, చెత్త కర్ర. ఈయనది నాలుగు తరాల వడ్రంగం. మంచి చెక్క తెచ్చి ఈయన చేతే కామ చేయిద్దాం. కమిటీ మీటింగ్‌లో చూసి, అప్పుడు చెప్పండి."

నేను మాట్లాడే మనిషిని కానని అందరికీ తెలుసు. అందుకని నా మాట కోసం ఎవరూ చూడలేదు.

మూడు వారాలకి మీటింగ్ పెట్టారు. ఆ ఆదివారానికి ముందు బుధవారం మేమిద్దరం పెన్సిల్వేనియాలో ఒక కోత మిల్లుకి బయల్దేరాం. గంటన్నర దారి. గొడ్డలి కామకి హికరీని మించిన చెక్క లేదని కేశవరావు గారు ఎక్కడో చదివారు.

"మన దగ్గర దేంతో చేస్తారండీ?"

"చిరుమానుతో."

"అంతేనా? ఇంకేదో చెబుతారని రేడియో కూడా ఆపేశాను." ఆయనే నవ్వుకున్నారు. రిటైరైన కెమిస్టు. భార్య పోయిన దగ్గర్నుంచి వినే మనిషి కావాలి ఆయనకి. దానికి నేను సరిపోయాను.

మిల్లు ఒక ముసలాయనది. రేకుల షెడ్డు కింద పలకలు, మధ్యలో పుల్లలు పెట్టి, గాలాడేలా పేర్చి ఉన్నాయి. ఏరుకోమని చేత్తో చూపించాడు. నేను ఎర్రటి చేవ ఉన్న పలక లాగాను. మన దగ్గర తెల్లచెక్కని పురుగు తింటుంది, చేవే గట్టి. ముసలాయన పక్కనున్న తెల్లటి పలక తీసి దాని అంచు చూపించాడు. గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా పక్కకి జారకుండా వెళ్ళాయి. నా పలకలో సగానికే పక్కకి దిగిపోయాయి. పిడికిలితో రెండూ కొట్టి చూశాను. తెల్లది కణకణమంది. తల ఊపాను. ఆయనా ఊపాడు. ఆరేళ్ళలో ఒక మనిషితో నేను అంతసేపు మాట్లాడింది అదే.

కొలత కోసం పాత కామ తీసుకెళ్ళాను. ముసలాయన దాన్ని తిప్పి, ఇనుము కూర్చునే చోట బొటనవేలితో రుద్దాడు. పోగులు నలిగి పిండిలా రాలాయి. కేశవరావు గారిని ఏదో అడిగాడు.

"నీళ్ళలో నానబెట్టారా అంటున్నాడండీ. బిగుస్తుందని కొందరు పెడతారట. చెక్క ఉబ్బి ఇనుముకి ఒత్తుకుని నలిగిపోతుందట, ఆరాక ఇంకా లూజైపోతుందట." ఆయన ముసలాయన వైపు తిరిగారు. "నో సర్, నో."

"నానబెట్టాను" అన్నాను.

మా నాన్న అలాగే చేసేవాడు. రాత్రి తొట్టిలో పడేసి పొద్దున్నే తీసేవాడు. అక్కడ గాలిలో తడి ఉంటుంది. ఇక్కడ చలికాలం ఇంట్లో వేడి గాలి ఊదుతూనే ఉంటుంది, చెక్క ఎండిపోతుంది. ప్రతి గురువారం రాత్రి గొడ్డలిని గరాజ్‌లో బకెట్లో పెట్టాను. వారం వారం ఇంకా వదులైంది. ఇంకాసేపు నానబెట్టాను.

కేశవరావు గారు నా వైపు తిరిగారు. "ఆ రోజు లూజుగా ఉందని మీకు తెలుసా?"

"తెలుసు. పొద్దున కదిపితే కదిలింది. ఇంకా నాలుగు దుంగలే కదా అనుకున్నాను."

"నేనక్కడే నిలబడ్డాను కదండీ, ఆచారి గారూ."

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా రేడియో మోగింది.

మూడు రోజులు గరాజ్‌లో పని చేశాను. బాడిశతో చెక్కి, చిత్రిక పట్టి, గాజుపెంకుతో గీకాను. ఇనుము బెజ్జంలో దిగేలా కామ తల సన్నం చేసి, పైనుంచి చీల కొట్టాను. నీళ్ళ జోలికి పోలేదు. నేను చేసిన కామల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

ఆదివారం కేశవరావు గారు వచ్చి నన్ను ఎక్కించుకున్నారు. మీటింగ్‌లో వెనక కుర్చీలో కూర్చున్నారు. లక్ష్మీపతి గారు గొడ్డలి పట్టుకుని లాగి చూశారు, నేలకేసి కొట్టి చూశారు. కదల్లేదు.

"బ్రహ్మాండంగా ఉందండీ. కేశవరావు గారూ, మీరన్నదే కరెక్ట్. స్టోర్ కామదే తప్పు."

కేశవరావు గారు తన కాళ్ళ వైపు చూస్తున్నారు. నేను ఊరుకుంటే చాలు, శుక్రవారాలు నాకు దక్కుతాయి. ఊరుకోవడం నాకు చేతకాని పని కాదు.

"కామది కాదండీ" అన్నాను. నానబెట్టిన సంగతి చెప్పాను. ఆ పొద్దున కదిలిన సంగతీ చెప్పాను.

లక్ష్మీపతి గారు గొడ్డలిని బల్ల మీద పెట్టారు. ఆయన గొంతు మర్యాదగానే ఉంది. "కొత్త కామ గట్టిదే, ఒప్పుకుంటాను. కానీ మూడు వారాలు మీరు చెప్పలేదు కదండీ. రేపు ఇంకోటి కదిలినా మాకెలా తెలుస్తుంది? మీరు మాట్లాడరు కదా."

మిగతావాళ్ళు కట్టెల సంచులు ఎన్ని కావాలో మాట్లాడుకున్నారు. గొడ్డలిని స్టోర్‌రూములో పెట్టించారు.

ఇంటి ముందు కారు ఆపాక కేశవరావు గారు స్టీరింగ్ వదల్లేదు. "ఆ మాట నాకొక్కడికి ముందే చెప్పి ఉంటే, నేనే ఏదో ఒకటి..." అని ఆగిపోయారు.

"చెప్పాల్సింది" అని దిగాను.

శుక్రవారం అలవాటు కొద్దీ ఐదింటికే లేచి స్నానం చేశాను. శాంతి లంచ్ బాక్స్ సర్దుకుంటూ నన్ను చూసింది.

"నాన్నా, అంకుల్ ఇంకా రాలేదేంటి? కాల్ చేయనా?"

"వద్దమ్మా."

"మరి గుడికి?"

"కట్టెలు సంచుల్లో వస్తాయట."

"పోన్లే, నీకూ రెస్ట్" అని తను ఫోన్‌లో టైం చూసుకుంది. గరాజ్ తలుపు పైకి లేచింది. కారు వెళ్ళాక మళ్ళీ కిందికి దిగింది.