ఎడమ మూల అరుగుదల

భూతద్దం కంటికి ఆనించుకుని నాలుగో కెమెరా మీదికి వంగాడాయన. ఈ కంపెనీ ఆన్‌లైన్ వేలంలో పాత కెమెరా ఏది అమ్మాలన్నా ముందు ఈ కిటికీ పక్క బల్ల మీదికి రావాలి, ‘అసలుదే’ అని ఆయన సంతకం పడాలి. పదకొండేళ్ళుగా ఇదే పని. పొద్దుట్నుంచి చూసిన మూడూ అసలువే.

నాలుగోది నల్లది. నల్లవి అరుదు, గిరాకీ ఎక్కువ. అందుకని మామూలు వెండిరంగు కెమెరాకి నల్లరంగు పూసి, ఏళ్ళ తరబడి వాడినట్టు అంచులు రుద్ది, లోపలి ఇత్తడి కనబడేలా చేసి అంటగట్టేవాళ్ళుంటారు. వాడిన కెమెరా కుడిపక్క అరుగుతుంది, మీట నొక్కే చేతి కింద. దీనికి ఎడమ మూల అరిగింది, బొటనవేలంత మేర.

తన ఎడమ బొటనవేలు అక్కడ ఆనించి చూశాడు. అతికినట్టు సరిపోయింది. నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

ముప్పై ఏళ్ళ కిందట రిపేరు కొట్టులో ఉన్నప్పుడు, గుడ్డ చుట్టుకుని ఈ వేలితోనే ఈ మూల రుద్దాడు. ఎడమచేతి వాటం మనిషి. కుడిపక్క అరగాలన్న సంగతి అప్పట్లో తట్టనే లేదు. అలాంటివి ఆరు చేశాడు. రెండు ఇదివరకే ఈ బల్ల మీదికొచ్చాయి. రెండింటికీ కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు.

కెమెరా వచ్చిన పెట్టెలో, అమ్మకానికి పంపినమ్మాయి రాసిన ఉత్తరం ఉంది. ‘మా నాన్న ఫొటోలు తీసి మమ్మల్ని పెంచారు. దీన్ని మాత్రం పాడైపోతుందని ఒక్కసారీ వాడలేదు. పోయేదాకా బీరువాలోనే దాచుకున్నారు. మీరు ఉన్నదున్నట్టు చెప్తారని విన్నాను.’

ఉత్తరం మడిచాడు, మళ్ళీ విప్పాడు.

మేనేజరమ్మ తలుపులోంచి తొంగిచూసింది. “ఏం బాబాయ్, ఇంకా పెళ్ళిచూపులేనా? ఐదింటికి వేలంలో పెట్టాలి.”

“నకిలీది.”

“అంత కచ్చితంగా ఎలా చెప్తారు?”

“నేనే చేశాను.”

ఆమె నవ్వింది. ఆయన తలెత్తలేదు. ఆమె లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“ఎవరికి తెలుస్తుంది బాబాయ్? పాపం, ఆ అమ్మాయి ఆశ పెట్టుకుంది. మీ పేరూ పోతుంది.”

“వాళ్ళ నాన్నకీ తెలీలేదు. అందుకే ముట్టుకోకుండా దాచుకున్నాడు.”

కెమెరా పరీక్ష పత్రంలో ‘తయారు చేసినవారు’ అన్న గడిలో తన పేరు రాశాడు. దాని కింద, మునుపు తాను దాటించిన ఆ రెండు కెమెరాల నంబర్లు కూడా. అక్షరాలు పక్కకి ఒరిగాయి. కాగితం ఆమె వైపు జరిపి లేచాడు. ఆయన గోడవారగా మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం ఆమె గదికి తాళం వేయబోతే, తలుపు వెనక కొక్కేనికి ఆయన అన్నం డబ్బా సంచీ వేలాడుతూ కనబడింది. డబ్బా బరువుగానే ఉంది. మూత చుట్టూ రబ్బరు బ్యాండు ఇంట్లో వేసింది వేసినట్టే ఉంది.