పత్తికట్టె మంట మీద నూడుల్స్

మా ఆలూరుల బంతి భోజనానికి ఒక కట్టు ఉన్నది. తెల్వనోళ్లకు చెప్తున్న: చాపలు పరిచి మనుషులను వరుసగ కూసోబెట్టినంక, అందరి ముంగట పళ్ళాలు నిండాలె. అప్పుడు ఇంటి పెద్ద "కానియ్యండి" అంటెనే చెయ్యి కూట్ల పెట్టాలె. అంతకుముందు ఒక్క మెతుకు ముట్టినా తప్పే. మా ఇంట్ల ఆ మాట అనేటోన్ని నేనే, శంకరయ్యను. ముప్పై ఏండ్ల కింద మా తమ్ముని పెండ్లిల పప్పు రావుడు ఆలస్యమైతే, రెండు వందల మంది చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్నరు గని ఒక్కడు పళ్ళెం ముట్టలే. అండ్ల ఒకాయన కూసునేటప్పుడు మీసం నల్లగుండె, లేచేటప్పటికి తెల్లగైంది. అబద్ధమంటరా? ఆయన పోయిండు గని, ఆ మీసం సంగతి ఊరంతా చెప్తది.

గసుంటి కట్టుకు ఎసరు పెట్టింది మా కోడలు ఝాన్సీ.

చందనవెల్లిల ఒక కంపెనీకి క్యాంటీను నడిపెటోళ్లు కావాల్సి వచ్చింది. మూడు వందల మంది తినే క్యాంటీను. ఝాన్సీ, ఆమె సంఘంలున్న ఇంకో ముగ్గురు ఆడోళ్లు కలిసి మాకియ్యుండ్రి అని అర్జీ పెట్టిండ్రు. ఆ కంపెనీల సగం మంది మణిపూరు, అస్సాం దిక్కు పోరలు. పప్పన్నం పెడితే తింటరట గని, వారానికి రెండుసార్లన్న వేయించిన నూడుల్స్ ఉండాలె అని పట్టుబట్టిండ్రట. కంపెనీల మనుషుల మంచిచెడ్డ చూసే లిదియా మేడం ఫోన్ చేసింది. మొయినాబాద్ పిల్లనే.

"ఆదివారం పగటీలి మీ ఇంటికే వస్తం ఝాన్సీ. ఎనిమిది మందిమి. నూడుల్స్ చేసి పెట్టుండ్రి. మా పోరలకు నచ్చితే క్యాంటీను మీదే. నచ్చకపోతే పట్నం కాంట్రాక్టరు ఒకాయన ఎదురుచూస్తున్నడు, ఆయనకిచ్చేస్తం."

మూడేండ్ల సంది ఝాన్సీ పొద్దుగాల ఆరు గంటల ఆటో ఎక్కి మొయినాబాద్ పాలీహౌసులకు గులాబీలు కోయ పోతున్నది. పొద్దుగూకి ఇంటికొచ్చినంక దీపం కాడ కూసొని సూదితోని వేళ్లల్ల ముండ్లు తీసుకుంటది. ఒకరి పూలు కోసుడు ఇగ చాలు, నా పొయ్యి కాడ నేను నిలబడాలె అన్నది ఆమె పట్టుదల. ఆ ఫోన్ పెట్టేసినంక మొఖం చూస్తిని, అప్పుడే క్యాంటీను తాళంచెయ్యి కొంగుకు కట్టుకున్నట్టున్నది.

"నూడుల్స్ వచ్చా నీకు?" అన్న.

"వస్తది మామా. రాకుంటే నేర్చుకుంట. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నయి" అన్నది.

బుధవారం ఇద్దరికి చేసింది. ఫోన్ల వీడియో చూసుకుంట, మా చేన్ల పత్తగోబి, గాజర, క్యాప్సికం సన్నగ పుల్లల లెక్క తరిగి, ఎల్లిపాయ దంచి, కడాయిల సర్రున వేసింది. నేనూ నా పెండ్లాం రాములమ్మా తిన్నం. ఒక్కొక్క పోగు విడివిడిగ, నూనె మెరుసుకుంట, పత్తగోబి పండ్ల కింద కరకరమనుకుంట... ఏం చెప్పాలె! నా నోట్ల పండ్లు ఏడే ఉన్నయి. ఆ ఏడింటికి పని దొరికిందని మస్తు ఖుష్ అయినయి.

రాములమ్మ మాత్రం "ఎర్రల లెక్క ఉన్నయి" అనుకుంట రెండుసార్లు పెట్టించుకున్నది.

"గిదే ఆదివారం బంతికి చెయ్యి. అందరికీ ఒక్కసారే పొయ్యి మీదికెల్లి దిగాలె" అన్న నేను. ఆ మాటనే కొంప ముంచింది.

శుక్రవారం ఎనిమిది మందికి సరిపోయేటట్టు చేసి చూసింది. పెండ్లిళ్లకు బగార అన్నం వండే పెద్ద గంజు అటక మీదికెల్లి నేనే దించిన. నూడుల్స్ ఉడకబెట్టింది, కూరగాయలన్ని ఒక్కసారే పోసింది, నూడుల్స్ ఏసింది, కలిపింది. నేను పక్కన నిలబడి "మూత పెట్టు, దమ్ముకు రానీ" అని పెద్దరికం చేసిన. మూత తీస్తే లోపల నూడుల్స్ లేవు. ఒక ముద్ద ఉన్నది. గంటె నిలబెడితే కదలకుండ నిలబడ్డది. పోలీసు సలాం కొట్టినట్టు.

దాన్ని కుక్కకేస్తే, అది కొరికింది గని నోరు తెరుచుడు రాలే. సాయంత్రం దాక మొరుగలే. ఆ రోజు మా వాడకట్టుల ఇద్దరు సుట్టాలు ఫికర్ లేకుండ వచ్చిపోయిండ్రు.

ఝాన్సీ నవ్వలే. గంజు ముంగట గొంతుకూసొని, ముద్దను చెంచాతోని చీరి చూసింది. పోలీసోళ్లు చచ్చినోని జేబులు వెతికినట్టు వెతికింది.

"మామా, ఇది వేగలే. ఉడికింది" అన్నది. "గింత సరుకు ఒక్కసారే పోస్తే మంట సచ్చిపోతున్నది. కూరగాయలు నీళ్లు ఇడుస్తున్నయి. ఆ నీళ్లల్ల నూడుల్స్ మళ్ల ఉడుకుతున్నయి. మూత పెడితే ఇగ చెప్పొద్దు. బుధవారం రెండు పళ్ళాలే చేసిన గనుక మంచిగొచ్చింది."

"అయితే?"

"అయితే ఆదివారం కూడ రెండు రెండు పళ్ళాలే చేస్త. దించినవి దించినట్టు పంపుత."

నేను గంజు పక్కకు జరిపిన. "ఎనిమిది మందిని కూసోబెట్టి ఇద్దరికి పెడుతవా? మిగిలిన ఆరుగురు వాళ్ల నోళ్ల దిక్కు చూసుకుంట కూసోవాల్నా? నా ఇంట్లనా?"

"మీ మామ చెప్పింది నిజమే బిడ్డా" అన్నది రాములమ్మ. నా పెండ్లాం నా దిక్కు మాట్లాడుడు ఏడాదికి ఒకసారి అయితది. ఆ ఏడాదిది అట్ల ఖర్చయింది.

ఝాన్సీ లేచి కొంగు దోపుకున్నది. "మామా, పొయ్యి నాది. బంతి నీది. నేను రెండు రెండు పళ్ళాలు పంపుత. అందరికీ వచ్చేదాక ఆపుకుంటవో, కానియ్యుమంటవో నీ ఇష్టం. ఆపితే మాత్రం నిన్నటి కుక్క గతే వాళ్లకూ."

"నిన్నటి కుక్క కాదు, ఇయ్యాల్టిది" అన్న నేను.

అయినా ఊకె కూసునేటోన్ని కాదు నేను. మంట సచ్చిపోతున్నది అన్న మాట చెవుల్ల తిరుగుతనే ఉన్నది. మా గ్యాసు పొయ్యి మంట పిల్లి నాలిక లెక్క ఉంటది. శనివారం చేన్లకు పోయి, పోయినేడు పీకి కుప్పేసిన పత్తికట్టె రెండు మోపులు తెచ్చిన. ఎండిన పత్తికట్టెకు నిప్పు తాకితే భగ్గుమని లేస్తది. ఎక్కువసేపు ఉండదు గని, ఉన్నంతసేపు ఇనుము ఎర్రగ చేస్తది. దొడ్లె మూడు రాళ్లు పెట్టి కట్టె రాజేసిన. ఝాన్సీ ఇనుప కడాయి పెట్టింది. నీళ్ల చుక్క చల్లితే, చుక్క కడాయికి తాకకముందే భయపడి ఎగిరిపోయింది.

"మామా!" అన్నది ఝాన్సీ. అంతే అన్నది. గని ఆ ఒక్క మాటకు నేను నాలుగంగుళాలు పెరిగిన.

ఆదివారం పొద్దుగాలనే నూడుల్స్ ఉడకబెట్టింది. ఇంకా జర బిరుసుండంగనే దించి, సన్నీళ్లల్ల కడిగి, నూనె రాసి, తెల్ల బట్ట మీద ఆరబోసింది. పులిహోరకు అన్నం ఆరబోస్తం చూడుండ్రి, అట్ల. కూరగాయలు తడి లేకుండ తుడిసింది. ఎనిమిది మంది సరుకు నాలుగు కుప్పలు చేసి పెట్టింది. చీపుర్లు కట్టేటోడు పుల్లలు సర్దుకున్నంత తీరుబడిగ ఉన్నది.

పగటీలి రెండు కార్లు వచ్చినయి. లిదియా మేడం, కంపెనీ మేనేజరు వరప్రసాద్ సారు, ఆరుగురు పోరలు. పోరలకు పెద్ద తోంబా అనే మణిపూరు పిలగాడు. మూడేండ్ల సంది ఇక్కడనే ఉన్నడు, తెలుగు కూడ వస్తది. తక్కువ మాట్లాడుతడు. పోరలకు నచ్చుడంటే ఇతనికి నచ్చుడే అని లిదియా మేడం నా చెవుల చెప్పింది.

అర్ర ముంగట చాపలేసి కూసోబెట్టిన. మొదట వరప్రసాద్ సారు, పక్కకు లిదియా మేడం, చివరికి తోంబా. దొడ్లెకెల్లి కట్టె భగ్గుమన్న చప్పుడు, ఎంబటే కడాయిల సర్రుమన్న చప్పుడు. తోంబా తల ఎత్తి వాసన పట్టిండు.

రాములమ్మ రెండు పళ్ళాలు తెచ్చి సారు ముంగట, మేడం ముంగట పెట్టింది. పొగలు లేస్తున్నయి.

ఇద్దరూ ముట్టలే.

లిదియా మేడం మా దిక్కు పిల్ల గద, ఆమెకు కట్టు తెలుసు. చేతులు ఒళ్లె పెట్టుకున్నది. సారు మర్యాదస్తుడు. "అందరికీ రానివ్వండి పెద్దాయనా, నాకేం తొందర లేదు" అని నవ్విండు. ఇంకోనాడైతే గసుంటి మనిషికి దండం పెడుదును. ఆనాడు మాత్రం ఆయన మర్యాద నా కోడలి మెడ మీద కత్తి లెక్క కనవడ్డది. పళ్ళెంల పొగ సన్నబడుతున్నది. నూడుల్స్ ఒకదాని మీద ఒకటి ఒరుగుతున్నయి. తోంబా ఆ పళ్ళాల దిక్కే చూస్తున్నడు, దవాఖానల సుట్టాన్ని చూసినట్టు.

దొడ్డి తలుపు కాడ ఝాన్సీ వచ్చి నిలబడ్డది, చేతిల అట్లకాడ. నా దిక్కు చూసింది. ఆ అట్లకాడ పట్టుకున్న వేళ్ల మీద ముండ్లు గుచ్చిన నల్ల మచ్చలు ఇంత దూరంకెల్లి నాకు కనబడ్డయి. అరవై తొమ్మిదేండ్ల కండ్లు నాయి, ఎదురింటి గోడ కనబడదు. అవి కనబడ్డయి.

"కానియ్యండి" అన్న.

ఎనిమిది మందిల ఇద్దరి పళ్ళాలు నిండంగనే నేనా మాట అన్న. రాములమ్మ నోరు తెరిసింది, మూయలే.

"మిగతావాళ్లు..." అన్నడు సారు.

"వాళ్ల సంగతి నేను చూసుకుంట. నువ్వు తిను సారూ. ఈ కూడు ఎవ్వని కోసం ఆగదు, మంత్రి వచ్చినా ఆగదు."

ఇద్దరూ తినుడు మొదలుపెట్టిండ్రు. ఆరుగురు చూస్తున్నరు. ఇగ వాళ్ల కండ్లు పళ్ళాల మీదికెల్లి నా మీదికి తిప్పుకోవాలె. పళ్ళెం వచ్చేదాక ముచ్చటన్న పెట్టాలె గద.

"ఈ గాజర మా చేన్లది" అన్న. "ఇప్పుడివి చిన్నగైనయి గని, మా తాత కాలంల చేవెళ్ల కాడ ఒక గాజర ఊరింది. పీకితే రాలే. నాలుగు జతల ఎడ్లు కడితే రాలే. అదే రోజు మొయినాబాద్‌ల ఒకాయన బాయి తవ్వుతున్నడు. అడుగున ఎర్రగ ఏందో తగిలింది. ఏందని చూస్తే మా గాజర కొన!"

ఒక పోరడు కిసుక్కుమన్నడు. ఇంకో రెండు పళ్ళాలు వచ్చినయి. "కానియ్యండి" అన్న.

"ఆయన కొన పట్టి అటు గుంజబట్టె. మా తాత ఆకు పట్టి ఇటు గుంజబట్టె. మూడు రోజులు గుంజిండ్రు. నడుమ ఊర్లల్ల ఇండ్లు అటూ ఇటూ జరిగినయి. చేవెళ్ల నుంచి మొయినాబాద్ రోడ్డు గన్ని వంకర్లు ఎందుకున్నది అనుకున్నరు? గాజర ఉన్న తొవ్వ మీదనే పోసిండ్రు రోడ్డు. గాజర వంకర, రోడ్డు వంకర."

"నేను రోజు ఆ రోడ్డు మీదనే వస్త తాతా" అన్నది లిదియా మేడం నోరు నిండ నూడుల్స్ పెట్టుకొని. "గుంతలు ఎందుకున్నయి మరి?"

"గాజర వేర్లు పీకిన జాగలు, బిడ్డా."

ఇంకో రెండు పళ్ళాలు. ఆ సర్రుమనే చప్పుడు ఒక్కసారి కూడ సల్లబడలే. అది వింటుంటెనే తెలుస్తున్నది, పొయ్యి కాడున్న మనిషికి బుగులు లేదని. నేను గాజరను ఎక్కువ సాగదీసే పని పడలే. పంచాయితి పెట్టి, ఆకులు చేవెళ్లకు, కొన మొయినాబాద్‌కు, నడుమది దారిన పొయ్యేటోళ్లకు అని తీర్పు చెప్పేటప్పటికి ఆఖరి రెండు పళ్ళాలు వచ్చినయి. ఒకటి తోంబాది. ఈసారి ఝాన్సీనే తెచ్చి పెట్టి, ఎదురుంగ నిలబడ్డది.

తోంబా తినుడు మొదలుపెట్టిండు. సగం తిన్నడు. ఆగిండు. నాకు ముచ్చట్లు అయిపోయినయి. జన్మల మొదటిసారి.

"సోయా సాస్ ఎక్కువైంది" అన్నడు.

ఝాన్సీ మొఖం ఇసుమంత కూడ మారలే. "ఎంత ఎక్కువ?"

"సగం చాలు. మిరపకాయ ఇంకో రెండు ఎయ్యాలె." మళ్ల ఒక బుక్క పెట్టుకున్నడు. "గని అంటుకోలే. పొగ వాసన ఉన్నది. ఆ పట్నం కాంట్రాక్టరుది పోయిన వారం తిన్నం అక్కా. అది కిచిడి." పళ్ళెం ఊడ్చి ముంగటికి చాపిండు. "ఇంకోటి?"

"సాస్ తగ్గించి తెస్త. కూసో" అని ఆమె దొడ్లెకు పోయింది. మిగిలిన ఐదుగురు కూడ పళ్ళాలు చాపిండ్రు. ఇగ వరుస లేదు, గిరుస లేదు. పోరలు లేచి దొడ్లెకే పోయి పొయ్యి సుట్టు నిలబడ్డరు.

వరప్రసాద్ సారు చెయ్యి కడుక్కొని ఝాన్సీ కాడికి పోయిండు. "రుచి బాగుంది అమ్మా. కానీ మా దగ్గర మూడు వందల మంది. రెండేసి ప్లేట్లు చేస్తే ఎప్పటికయ్యేను?"

నిజమే గద. ఝాన్సీ మాత్రం కడాయి దించకుండనే చెప్పింది.

"మీ కాడ బంతి ఉండదు గద సార్. పోరలు ప్లేటు పట్టుకొని లైన్ల వస్తరు. నాలుగు పెద్ద బర్నర్లు, నాలుగు కడాయిలు, నలుగురు ఆడోళ్లం. ఒక్కొక్క కడాయిల రెండు నిమిషాలకు రెండు పళ్ళాలు. మీరు గడియారం పెట్టి చూసిండ్రా ఇప్పుడు? నేను చూసిన. ఎనిమిది పళ్ళాలకు తొమ్మిది నిమిషాలు పట్టింది, ఒక్కదాన్నే, ఒక్క కడాయితోని. మీ షిఫ్టులు మూడు. ఒక్కో షిఫ్టుకు వంద మంది. అరగంటల లైను అయిపోతది."

సారు నోట్ల లెక్క వేసుకున్నడు. లిదియా మేడం అప్పటికే వేసుకున్నట్టున్నది, నవ్వుతున్నది.

"కట్టెలు మాత్రం మా క్యాంటీనులో కుదరవు" అన్నడు సారు.

"వద్దు. పెద్ద గ్యాసు బర్నర్లు మీరు పెట్టియ్యుండ్రి. కడాయిలు మాత్రం ఇనుపయే. నేను తెచ్చుకుంట. మెరిసేటియి కొని పెట్టకుండ్రి" అన్నది ఝాన్సీ.

పని ఇంకా ఇయ్యనే లేదు, ఈమె షరతులు పెడుతున్నది! వరప్రసాద్ సారు తోంబా దిక్కు చూసిండు. తోంబా నోట్ల మూడో పళ్ళెం ఉన్నది, తల మాత్రం ఊపిండు.

"వచ్చే సోమవారం వంటిల్లు అప్పజెప్తం. మిగతా ముగ్గురిని కూడ తీసుకొని రా" అన్నది లిదియా మేడం.

కార్లు మూల మలిగినయో లేదో ఝాన్సీ ఫోన్ అందుకున్నది. మొదటి ఫోన్ మొయినాబాద్ పాలీహౌసుకు. "రేపటి సంది పూలకు రాను సార్. ఆ, లేదు, మంచిగనే ఉన్న. వేరే పని దొరికింది." రెండో ఫోన్ సంఘం ప్రమీలమ్మకు. అది ఫోన్ల మాట్లాడినట్టు లేదు. ఫోన్ లేకున్నా ప్రమీలమ్మకు వినబడేది.

చెప్పులేసుకుంటున్నది. "యాడికి బిడ్డా?" అన్న.

"షాబాద్‌కు. కడాయిలు చూసొస్త."

నేను కూడ చెప్పులు వెతుకుతున్న.

"నువ్వెందుకు మామా?"

"ఇనుము మంచిదో కాదో మోగిచ్చి చూడాలె. షాబాద్‌ల ఒక కడాయి ఉండె, ఒక్కసారి తడితే చేవెళ్ల బడిల గంట కొట్టిండ్రనుకొని పిల్లలు ఇంటికి పోతుండిరి. గసుంటిది గుర్తు పట్టాలంటే నేనుండాలె."

"రా గని" అన్నది ఝాన్సీ ఆటోకు చెయ్యెత్తుకుంట. "బేరం నేను చేస్త. నువ్వు మోగిచ్చుడే."