చెయ్యి మారిన చోటు

కుర్చీకి ఒక కాలు పొట్టి, అందుకే కాస్త కదిలినా కటుక్కుమంటోంది, షామియానా కొట్టువాళ్లు పెళ్లిళ్లకు పంపే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, గ్రౌండు గీతకు ఇవతల ఇట్లాంటివి వరసగా వేస్తారని ధనశేఖర్ ఇన్నేళ్లలో గమనించనే లేదు, ఎట్లా గమనిస్తాడు, మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా గీతకు అవతలే ఉన్నవాడు, నగరి ఫుట్‌బాల్ జట్టంటే ధనశేఖర్, ధనశేఖర్ అంటే తొమ్మిదో నంబరు, ఆ తొమ్మిది ఇప్పుడు కుర్చీకి అతుక్కుని తడిసిపోతోంది, ఆడనివాడికి కూడా చెమట పడుతుందన్నమాట, తిరుపతి ఎండ ఎవర్నీ వదలదు, ఎదురుగా కొండ, కొండ మీద తెల్లటి మబ్బు, ఫైనల్ ఆడితే ఈ యూనివర్సిటీ గ్రౌండులోనే ఆడాలని ఎంతకాలంగా కలగన్నాడో, తీరా వచ్చాక కూర్చోవడానికి కుర్చీ దొరికింది, అవతలివాళ్లు తడ జట్టు, పులికాట్ బురదలో పడవలు తోసి తోసి తొడలు గట్టిపడిన మనుషులు, వాళ్ల మీదికి పోవాల్సింది తను, కానీ పొద్దున బస్సులో కోచ్ తేజస్విని వచ్చి పక్క సీట్లో కూర్చుని, అన్నా, ఈపొద్దు మొదట్లో నువ్వు దిగొద్దు, పునీత్ దిగతాడు, నిన్ను ఆఖర్న దించతా, అంది, ఎంత మెల్లగా చెప్పినా ముందు సీట్లో వాళ్లకు వినబడింది, వాళ్లు మెడలు తిప్పకుండా విన్నారు, తిప్పి చూసినా బాగుండేది, తను సరే మేడం అన్నాడు, ఎప్పుడూ పాపా అని పిలిచే పిల్లను మొదటిసారి మేడం అన్నాడు, ఆమెకు తగిలింది, తగలాలనే అన్నాడు.

అదిగో పునీత్ మళ్లీ పరిగెత్తాడు, ఎందుకురా తంబీ ఆ పరుగు, బంతి ఆ పక్కకు రాదని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది, వాళ్ల కుడి బ్యాకు, ఆ పొడుగాటివాడు, వీడి వెంటపడ్డాడు, బంతి బయటికి పోయింది, ఇద్దరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగారు, లేచారు, మళ్లీ అదే పరుగు, అంతా వృథా, తనైతే నిలబడి చూసి చూసి ఒక్కసారి పోతాడు, ఆ ఒక్కసారికే గోలు, అట్లా ఆడమని నేర్పింది ఎవరు, ఈ తేజస్విని నాయనే కదా, హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు వెంకటముని సారు, ఆయన కాలంలో మనిషిని మార్చడమంటే కాలన్నా విరగాలి తలన్నా పగలాలి, ఒకసారి తన చీలమండ వాచిపోయి గుండ్రంగా అయితే బయటికి వస్తానన్నాడు, సారు ఈల నోట్లోంచి తీసి, మొదులుపెట్టినోడే ముగించల్ల రా, కుంటతానన్నా ఆడు, అన్నాడు, కుంటుతూనే ఆడాడు, కుంటుతూనే గోలు కొట్టాడు, ఇప్పుడు ఫోన్లో విదేశాల ఆటలు చూస్తుంటే అంతా తలకిందులు, ఇద్దరిని మార్చుకోవచ్చు అనేది ముగ్గురైంది, కరోనా వచ్చినాక ఐదుగురైంది, బాగా ఆడుతున్నవాణ్ణే తీసేస్తారు, అలిసిపోక ముందే తీసేస్తారు, పెనాల్టీల కోసమని ఆట ముగిసే ముందు గోలీని మార్చినవాళ్లూ ఉన్నారు, చివరి అరగంట కోసమే కొందరిని దాచిపెట్టుకుంటారట, దానికొక చదువుంది, తేజస్విని ఆ చదువు చదివి వచ్చింది, దాచిపెట్టుకోవడానికి తనేమన్నా ఊరగాయా, ఇంట్లో తన నాయన ఉన్నప్పుడు ఒక చీరకు ఒకే చెయ్యి, గుంట మగ్గంలో దిగినవాడే చీర కోసి తీసేదాకా నెయ్యాలి, పోగు మీద ఒకరి దెబ్బ ఇంకొకరి దెబ్బ ఒకటి కాదు, బట్ట చెప్పేస్తుంది అనేవాడు, కుప్పయ్య నేసినాడంటే కుప్పయ్యే నేసినాడు, నగరిలో ఆ మాటకు ఎంత విలువ, అట్లాంటి మనిషి కొడుకు తను, ఆఖర్న దిగేది ఏం మర్యాద, ఎవరో ఉడికించిన అన్నానికి మూత తీసినట్టు.

విరామంలో బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాడు, అందులో చొక్కా ఉంది, చెప్పులున్నాయి, గేటు బయట ఆటో ఎక్కితే బస్టాండు, నగరి బస్సు ఎప్పుడూ ఉంటుంది, పిలిచినప్పుడు కుర్చీ ఖాళీగా ఉంటే అప్పుడు తెలుస్తుంది అందరికీ, ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో, బూటు లేసు ముడి మీద వేలు పెట్టాడు కూడా, అంతలో గొడుగు నీడ మీద పడింది, వెంకటముని సారు, గ్యాలరీ నుంచి మెట్లు దిగి వచ్చాడు, పక్క కుర్చీలో కూలబడి, ఏమబ్బా, మొగం మాడ్చుకోనుండావు, అన్నాడు, ఏం లేదు సార్ అన్నాడు తను, తర్వాత ఆగలేక, మీరుంటే ఇట్లా జరిగుండునా సార్, మొదులుపెట్టినోడే ముగించల్లంటిరే, అనేశాడు, సారు గొడుగు మూసి కిందపెట్టి సిగ్గుపడుతున్నవాడిలా నవ్వాడు, ఒరే, నాకాడ పన్నెండోవాడు యాడుండె రా, పదకొండుమందిని పోగు చేసేదానికే మగ్గాలకాడికి పోయి మీ నాయన్ల గడ్డాలు పట్టుకోని బతిమాలుకోవల్ల, నువ్వు బయటికొస్తే పదిమందే కదా, ఆ మాట నీకెట్ల సెప్పేది, అందుకే అట్ల గట్టిగా అంటి, నాకే ఐదుగురుండింటే నేనూ మార్చుండేవాణ్ణి, అని గొడుగు తీసుకుని లేచి వెళ్లిపోయాడు, అంతే, ఇన్నేళ్లు దేవుడి పటంలా మనసులో పెట్టుకున్న మాట, అది మనుషులు చాలక అన్న మాటా, ధనశేఖర్‌కు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, లేసు మీది వేలు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆట మళ్లీ మొదలైంది, రెండు పక్కలా గోలు లేదు, కుర్చీ కటుక్కుమంది, తనూ పునీతూ పనిచేసే పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు ఇట్లా ఒక్కొక్క చప్పుడు చెయ్యవు, అన్నీ కలిసి ఒకే హోరు, చెవి దగ్గర నోరు పెడితే తప్ప మాట వినబడదు, పునీత్‌కు తను రోజూ చెవిలోనే చెబుతాడు, మధ్యాహ్నం తన పని ముగిసి వాడి పని మొదలయ్యేటప్పుడు, పవర్‌లూమ్‌ను ఎవరూ ఆపరు, ఆపి మళ్లీ వేస్తే ఆ చోట బట్టలో సన్నటి అడ్డగీత పడుతుంది, ఉతికినా పోదు, ఓనరు దాన్ని పక్కన పడేస్తాడు, అందుకే నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే అందుకోవాలి, వచ్చేవాడు పక్కన నిలబడి ముందు అడుగుతాడు, పోగు యాడ తెగతా ఉండాది, పోయేవాడు వేలితో చూపిస్తాడు, ఆ కుడి అంచుకాడ, సూసుకో, అని, చూపించి తప్పుకుంటాడు, మొదటి రోజుల్లో పునీత్ అడగకుండానే ఎగబడి స్విచ్చు ఆపేశాడు, ఓనరు తిట్టిన తిట్లకు వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తనే వాడి భుజం పట్టుకుని నేర్పాడు, ముందు అడగల్ల తంబీ, పోయేవానికే తెలుస్తాది, అని, మరి పని వాడి చేతికి ఇచ్చి బయటికి వచ్చినప్పుడు తనకు ఏనాడన్నా తీసేశారు అనిపించిందా, లేదే, కొళాయి దగ్గర ముఖం కడుక్కుని టీ తాగడానికి పోతాడు, అంతే, బట్ట నడుస్తూనే ఉంటుంది.

అన్నా, లెయ్యి, తేజస్విని గొంతు, ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది, చేతిలో ఏ కాగితమూ లేదు, కళ్లల్లో కొంచెం భయం ఉంది, రానంటాడేమో అని, పాపం చిన్నపిల్ల, ఒకప్పుడు సారు ఈల కావాలని ఏడ్చిన పిల్ల, ఆ పొడుగోడు అలిసి సచ్చినాడన్నా, సూడు, పునీత్‌గాడు ఆణ్ణి తిప్పి తిప్పి పెట్నాడు, అట్ల పెట్టమని నేనే చెప్పినా, ఇంక నువ్వు పోవల్ల, నిన్ను తీసేసింది కాదన్నా ఇది, అంది, ధనశేఖర్ గ్రౌండు వైపు చూశాడు, నిజమే, పొడుగాటివాడు తొడ పట్టుకుని నిలబడ్డాడు, నడుస్తున్నాడు గానీ పరిగెత్తడం లేదు, ఆ వృథా పరుగులు, బంతి రాని పక్కకు పోయిన ఆ పరుగులన్నీ, వాడి కోసం కాదు, తన కోసం, ఒక పిల్లవాడు ఎండలో తన కోసం పరిగెడుతుంటే తను ఇక్కడ కూర్చుని బస్సు గురించి ఆలోచించాడు, సిగ్గేసింది, మనసారా సిగ్గేసింది, లేసు ముడి ఇంకొకసారి బిగించి లేచాడు, పోతా పాపా, అన్నాడు, ఆమె మొహం విప్పారింది.

బంతి గీత దాటింది, రెఫరీ చెయ్యెత్తాడు, నంబర్ల అట్ట పైకి లేచింది, పునీత్ వస్తున్నాడు, వగరుస్తూ, బనీను పిండితే కారేలా ఉంది, వాడి ముఖం చూస్తే తెలుస్తోంది, వాడికీ బయటికి రావాలని లేదు, ఒక్క గోలన్నా కొట్టి రావాలని ఉండేది, పెదవి కొరుక్కుంటున్నాడు, గీత దగ్గర చెయ్యి చాచాడు, ఊరికే తాకించి పోయేవాడు, ధనశేఖర్ ఆ చేతిని వదల్లేదు, అరచేతిలో అరచెయ్యి, వాడి నాడి కొట్టుకోవడం తెలుస్తోంది, తనకు తెలియకుండానే నోట్లోంచి ఆ మాట వచ్చింది, యాడ, అని, పునీత్ తల పైకెత్తాడు, షెడ్డులో లాగే చెవి దగ్గరికి వచ్చి, ఆడే అన్నా, పొడుగోడికాడ, ఎడమకు తిరగలేడు, బంతి ఆపొద్దు, వచ్చింది వచ్చినట్టే పో, అన్నాడు, యాడ, తను ఎప్పుడో విన్న మాట, షెడ్డులో కాదు, ఇంట్లో, నాయన గొంతుతో, జ్వరం వచ్చి నాయన గుంటలోకి దిగలేకపోయిన ఏడు, పెళ్లివాళ్ల చీర సగంలో ఉంది, నూలు కండెలు చుట్టడం తప్ప మగ్గం మీద చెయ్యి పెట్టని అమ్మ ఎవరికీ చెప్పకుండా గుంటలోకి దిగింది, మిగతా సగం నేసింది, చీర కోసి తీసిన రోజు నాయన మంచం మీద లేచి కూర్చుని, కొంగు నుంచి అరచేత్తో తడుముతూ వచ్చి వచ్చి, ఒక చోట ఆగాడు, ఆ చోటే చెయ్యి ఉంచి, యాడ, ఈడనా, అన్నాడు, అమ్మ ఆఁ అంది, నాయన ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు, తప్పు పట్టాడనుకున్నాడు తను, తలుపు పక్కన నిలబడి ఆ చేతినే చూస్తూ, చెయ్యి మారితే బట్టకు మచ్చ అని అప్పుడే మనసులో రాసుకున్నాడు, కానీ తప్పు పట్టేవాడు అట్లా చెయ్యి ఉంచడు, పునీత్ చెయ్యి తన చేతిలో ఉన్నప్పుడు తెలుస్తోంది, నాయన వెతికింది అమ్మ ఎక్కడ అందుకుందో ఆ చోటు కోసం, ఆయన వదిలేసింది వదిలేసినట్టే ఆగిపోకుండా ఒక మనిషి అందుకున్న చోటు కోసం, ఆ రోజు తను చేతినే చూశాడు గానీ పక్కన అమ్మ కూడా ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిన వరదమ్మ, నాయన చెయ్యి అక్కడ ఆగగానే కొంగు తీసేసి నవ్వింది, అవును, నవ్వింది, ఆ నవ్వును ఇన్నేళ్లూ ఎట్లా మరిచిపోయాడో, ధనశేఖర్ పునీత్ చెయ్యి వదిలి గీత దాటి పరిగెత్తాడు.