అరువిచ్చిన పేరు

రాజేశ్వరికి కావలసింది గచ్చు లేని గది. మంగళగిరిలో ఇప్పుడు అది సులభంగా దొరకదు. గుంట మగ్గానికి నేలలో గొయ్యి ఉండాలి. నేసేవారు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేస్తారు. టైల్స్ పరిచిన ఇంట్లో గొయ్యి తవ్వుతామంటే ఏ యజమానీ ఒప్పుకోడు.

ఇరవై రెండేళ్లుగా ఆమె అద్దెకుంటున్న పెంకుటింటిని పడగొట్టి నాలుగంతస్తులు కట్టాలని యజమాని రామమూర్తి గారు నిశ్చయించారు. రాజధాని వస్తుందన్నప్పుడు ఆయన ఒకసారి అలాగే నిశ్చయించారు, రాదన్నప్పుడు మానుకున్నారు, మళ్లీ వస్తుందన్నాక తిరిగి నిశ్చయించారు. ఈసారి మాత్రం మేస్త్రీకి అడ్వాన్సు కూడా ఇచ్చారు. వచ్చే నెలాఖరుకల్లా ఖాళీ చేసి, గొయ్యి పూడ్చి ఇమ్మని మర్యాదగానే చెప్పారు.

నూతక్కి రోడ్డులో రెండు గదుల ఇల్లొకటి అమ్మకానికి వచ్చింది. కట్టినవాడికి డబ్బు చాలక వెనక గదిని మట్టినేలతోనే వదిలేశాడు. కొనడానికి వచ్చిన వారందరికీ అది లోపం. రాజేశ్వరి మాత్రం ఆ గదిలో చెప్పులు విప్పి, బొటనవేలితో నేలను గీరి చూసి, బేరమాడకుండా ఒప్పుకుంది. భర్త పానకాలు మోటారు సైకిలు మీద వాడరేవు దాకా తిరిగి చీరలు అమ్మి తెచ్చినదీ, తాను నేసి దాచినదీ, తొమ్మిదేళ్ల కూడిక మొత్తం అడ్వాన్సుగా కట్టారు. నలభై అయిదు రోజుల్లో రిజిస్ట్రేషన్ జరగాలి. జరగకపోతే అడ్వాన్సు తిరిగి రాదని అగ్రిమెంటులో ఉంది.

మిగతా సొమ్ముకు రఘురామ్‌ను ఆశ్రయించారు. గృహరుణాలు ఇప్పించే ఏజెంటు. గుంటూరులో ఆఫీసు, చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లు. పన్నెండో రోజున అతను ముఖం ముడుచుకుని వచ్చాడు.

"మీ క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు కట్టిన తీరుకు వేసే మార్కులు, ఆరువందల ఎనిమిది ఆంటీ. ఏడొందల యాభై లేకపోతే ఫైలు ముట్టుకోరు."

"ఆయన పేరు మీద పెట్టు బాబూ. ఆయన పుట్టి బుద్ధెరిగి రూపాయి అప్పు చేయలేదు."

"అదే కదా ఇబ్బంది! అంకుల్‌కి స్కోరే లేదు."

ఎన్నడూ అప్పు చేయని మనిషి కంప్యూటరు లెక్కలో ఇంకా పుట్టనే లేదు. పానకాలుకు ఇది అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, "అయితే నేను చేసిన తప్పు తప్పు చేయకపోవడమా?" అన్నాడు. రఘురామ్ నవ్వాడు కాని, కాదనలేదు.

రాజేశ్వరి స్కోరును పడగొట్టిన అప్పు ఆమెది కాదు. ఆరేళ్ల క్రితం ఎదురింటి అంకమ్మ ఇంటి కప్పు కూలింది. అంకమ్మ రాజేశ్వరి మగ్గానికి నూలు కండెలు చుడుతుంది, వయసులో ఇద్దరూ ఒకటే. చిన్న రుణాలిచ్చే సంస్థలో ఆమెకు అప్పటికే ఒక అప్పుంది, అది తీరితేగాని రెండోది ఇవ్వరు. రాజేశ్వరి తన పేరు ఇచ్చింది. ఆ పేటలో అది వింత కాదు. పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా పక్కింటి నుంచి ఉప్పు తెచ్చుకున్నట్టే, ఒకరి పేరు ఇంకొకరు అడిగి తీసుకునేవారు. సంతకం, ఫోటో, ఆధారు కార్డు ఒకరివి, డబ్బు మరొకరిది. మంగళవారం మంగళవారం అంకమ్మ వాయిదా తెచ్చి రాజేశ్వరి చేతిలో పెట్టేది, రాజేశ్వరి కట్టేది. ఒక్క వారం కూడా తప్పలేదు.

తరవాత లాక్‌డౌన్ వచ్చింది, మగ్గాలు ఆగాయి. కొన్ని నెలలకు సంస్థవారే కబురు చేశారు: ఇంత కట్టండి, మిగతాది వదిలేస్తాం. ఇద్దరూ కలిసి వెళ్లి కట్టారు. "సెటిల్డ్" అని ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. తిరిగి వస్తూ పావుకిలో మైసూరుపాకు కొన్నారు. రాజేశ్వరి ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి బీరువాలో పెట్టింది.

ఇప్పుడు ఆ కాగితాన్నే గర్వంగా తీసి చూపించింది. రఘురామ్ చదివి తల అడ్డంగా ఊపాడు. "పూర్తిగా కడితే 'క్లోజ్డ్' అని రాస్తారు ఆంటీ. 'సెటిల్డ్' అంటే ఎగ్గొట్టినదానికి మర్యాద పేరు. ఇంకా ఏళ్లపాటు మీ రిపోర్టులో అలాగే ఉంటుంది."

మిగిలిన సొమ్ము ఇప్పుడైనా కడతామని సంస్థకు ఫోన్ చేశారు. మంగళగిరి శాఖ ఎత్తేశారట. హైదరాబాదులో ఫోన్ తీసిన అమ్మాయి, మూసేసిన ఫైలుకు డబ్బు కట్టించుకునే వీలు లేదని ఎంతో వినయంగా చెప్పింది. అప్పు తీర్చనందుకు శిక్ష ఉంది, తీర్చడానికి మార్గం లేదు.

ఇలాంటి వారి కోసమే ఉదయ్ కుమార్ ఉన్నాడు. గుంటూరు అరండల్‌పేటలో మేడ మీద గది, బయట "క్రెడిట్ స్కోరు సరిచేయబడును" అని బోర్డు. స్కోరు తగ్గిన గిరాకీలను రఘురామ్ లాంటి ఏజెంట్లు అతని దగ్గరకు పంపుతారు, అతను వారిని బాగుచేసి తిరిగి పంపుతాడు. జాతకంలో దోషం కనిపెట్టినవాడే శాంతికి సామగ్రి కూడా అమ్ముతాడు. ఇక్కడ కనిపెట్టేవాడు, అమ్మేవాడు ఇద్దరు కావడం ఒక్కటే తేడా. తన జాతకం ఎలా పడిందో జాతకుడికి ఎంత తెలుసో, ఆ మూడంకెల సంఖ్య ఎలా వచ్చిందో రాజేశ్వరికీ అంతే తెలుసు.

ముప్పయ్యో రోజున ఆమె, అంకమ్మ అక్కడ కూర్చున్నారు. సగం ఫీజు ముందే తీసుకుని ఉదయ్ కుమార్ కంప్యూటరు తెరిచాడు.

"మేడం, మీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. చెప్పండి." చెప్పింది. "ఇంకోటి." చెప్పింది. "ఇంకొక్కటి. అంతే."

మూడూ చెప్పాక అతను ఒక కాగితం ముద్రించి ముందుకు జరిపాడు. రాజేశ్వరి వేలు పెట్టి ఒక్కో పదమే చదివింది. 'సదరు రుణం నేను తీసుకోలేదు. అంకమ్మ అను ఆమె నాకు తెలియకుండా నా ఆధారు కార్డు వాడి, నా సంతకం పెట్టి మోసగించినది.'

"ఇది అబద్ధం కదండీ!"

"భాష అలా ఉంటుందంతే మేడం. సంస్థ సమాధానం చెప్పడానికి ముప్పై రోజులు టైముంది. అప్పటిదాకా ఆ అప్పు పక్కన 'వివాదంలో ఉంది' అని పడుతుంది. వివాదంలో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోని ఫైనాన్స్ కంపెనీ ఒకటి రఘురామ్‌కు తెలుసు. ఆ సందులో మీ లోన్ అయిపోతుంది. దీనికి పోలీసు స్టేషన్ రసీదు ఒకటి తెచ్చిస్తే గట్టిగా ఉంటుంది."

"మరి దీనికేమవుతుంది?" రాజేశ్వరి పక్కనున్న అంకమ్మను చూపించింది.

"ఏమీ కాదు."

తిరుగు బస్సు కాజ ఊరు దాటింది. అప్పుడు అంకమ్మ గొంతెత్తింది. కండక్టరు కూడా తిరిగి చూశాడు. "ఏమే, మొహం అలా పెట్టావేంటి? ఆరోజు నా కప్పు కోసం నీ పేరిచ్చావు. ఇవాళ నీ గోతి కోసం నా పేరు తీసుకో. లెక్క సరిపోతుంది."

"నిన్ను దొంగని రాయమంటున్నాడే!"

"రాయి. నన్ను దొంగంటే నమ్మేవాడెవడు మన పేటలో? దొంగతనం చేసే తెలివే ఉంటే ఇన్నేళ్లు నీ దగ్గర కండెలు చుడతానా?"

మర్నాడు ఇద్దరూ స్టేషన్‌కు వెళ్లారు. ఎండగా ఉందని అంకమ్మ గొడుగు పట్టింది. హెడ్ కానిస్టేబులు కాగితం చదివి, కళ్లజోడు పైకి నెట్టాడు.

"ఈ అంకమ్మ ఎక్కడుంటుంది?"

"ఇక్కడేనండి," అంది అంకమ్మ.

"ఇక్కడంటే?"

"నేనేనండి."

ఆయన ఒకసారి గొడుగును, ఒకసారి ఇద్దరినీ చూశాడు. "నీ మీద కంప్లయింటుకు నువ్వే తోడొచ్చావా తల్లీ?"

"అది ఒక్కతే వస్తే భయపడుద్దని..."

పక్క బల్ల దగ్గర ఎవరో పకాలున నవ్వారు. హెడ్ కానిస్టేబులు నవ్వలేదు. "చూడండమ్మా, నేను రసీదు ఇచ్చానంటే ఈమెను ముద్దాయిగా రాసుకోవాలి. రేపు సంస్థవాడు కదిలిస్తే కోర్టుకు తిరగాల్సింది ఈమె. ఏ అప్పు సంఘంలోనైనా ఉందా?"

"ఉన్నానండి. అయిదుగురం. నేను, మస్తాన్‌బీ, ఇంకా ముగ్గురు."

"గుంపులో ఒకరి మీద మచ్చ పడితే మిగతా నలుగురికీ అప్పు ఆపేస్తారు. మా ఇంట్లోనూ ఉంది ఈ గోల."

మస్తాన్‌బీ కుట్టుమిషన్ల కోసం పెట్టుకున్న అప్పు దరఖాస్తు వచ్చే వారమే తేలాలి. తన పేరు తనది గనక ఇచ్చేయవచ్చని అనుకుంది అంకమ్మ. అది అయిదుగురి పేర్లతో కలిపి ముడివేసి ఉందన్న సంగతి ఆమెకు తోచలేదు. రాజేశ్వరి చెయ్యి చాచి కాగితం వెనక్కు తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. ఇల్లు పోయిందని ఆ క్షణంలో ఆమెకు తెలుసు.

అయిదు రోజుల తరవాత రఘురామ్ ఫోన్ చేశాడు. "ఆంటీ, స్వీట్లు రెడీ చేయండి! 'వివాదంలో ఉంది' అని పడిపోయింది. సోమవారం వచ్చి సంతకాలు పెట్టండి."

"నేను సంతకం పెట్టలేదు బాబూ. కాగితం నా దగ్గరే ఉంది."

"కాగితం దేనికి? ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వెళ్లిందిగా. ఓటీపీ మీరే చెప్పారట."

ఆమె వెంటనే ఉదయ్ కుమార్‌కు ఫోన్ చేసింది. మూడో ఓటీపీ అందుకేనని అతను దాపరికం లేకుండా చెప్పాడు. రసీదు తరవాత జతచేద్దామనుకున్నాడట. వెనక్కు తీసుకోవాలంటే? అబద్ధపు ఫిర్యాదు చేశానని ఆమే రాసివ్వాలి. అప్పుడు ఈ లోన్ రాదు, ఇంకెక్కడా రాదు. "మీరు ఇప్పుడేమీ చేయనక్కర్లేదు మేడం. ఊరుకోండి చాలు."

అవును, ఊరుకుంటే చాలు. అబద్ధం ఆమె నోటితో చెప్పలేదు, చేత్తో రాయలేదు. సోమవారం సంతకాలు, గురువారం రిజిస్ట్రేషన్, ఆపైన మట్టినేల. పానకాలు రాత్రి అన్నం ముందు కూర్చుని, "నీ ఇష్టం," అన్నాడు. ఆ మాటలో ఆయన ఇష్టం ఏదో ఆమెకు స్పష్టంగానే వినబడింది. తొమ్మిదేళ్లు ఎండలో తిరిగింది ఆయన.

ఆదివారం మస్తాన్‌బీ వచ్చింది. మిషన్లు వస్తే మొదటి రవిక రాజేశ్వరిదే కుడతానని, కూలి తీసుకోనని చెప్పి, కొలతకు పాత రవిక పట్టుకుపోయింది.

సోమవారం పొద్దున రాజేశ్వరి గుంటూరు బస్సెక్కలేదు, పోస్టాఫీసుకు వెళ్లింది. బల్ల మీద గొలుసుతో కట్టిన పెన్నుతో, నిలబడే రాసింది. 'అప్పు నా పేరు మీద నేనే తీసుకున్నాను. అంకమ్మ నన్ను మోసం చేయలేదు. పేరు నేనే ఇచ్చాను. మీరు వదిలేస్తామన్న సొమ్ము కూడా కట్టించుకోమంటే కడతాను.' సంస్థకు ఒకటి, స్కోరు లెక్కించే కార్యాలయానికి ఒకటి, రెండూ రిజిస్టర్డ్ పోస్టులో పంపింది.

అంకమ్మకు తెలిసి వీధి అంతా వినపడేలా తిట్టింది. "ఇల్లు పోగొట్టుకున్నావు కదే, పిచ్చిదానా! మేమేదో తిప్పలు పడేవాళ్లం కదే!" తిడుతూనే లోపలికి వచ్చి, రాట్నం ముందు కూర్చుని, మిగిలిన నూలు కండెలకు చుట్టడం మొదలుపెట్టింది. మగ్గం మీద ఇంకా ఒక చీర పడుగు ఉంది. దాన్ని నాలుగు రోజుల్లో నేసి మగ్గం నుంచి కోశారు.

అడ్వాన్సు అగ్రిమెంటులో రాసినట్టే పోయింది. నూతక్కి ఇంటిని ఇంకెవరో కొన్నారు. వెనక గదికి టైల్స్ వేయిస్తున్నారని పానకాలు చూసి వచ్చి చెప్పాడు.

నెలాఖరున గొయ్యి పూడ్చారు. మట్టి పానకాలు తవ్వి తెచ్చాడు, గంపలు అంకమ్మ, మస్తాన్‌బీ అందించారు, నీళ్లు చల్లి రాజేశ్వరి దిమ్మిసతో కొట్టింది. మగ్గం కర్రలు విప్పి అంకమ్మ వసారాలో టార్పాలిను కింద పెట్టారు. ఆ వసారాకు సిమెంటు గచ్చు.

సాయంత్రం రామమూర్తి గారి మేస్త్రీ వచ్చాడు. గొయ్యి ఉన్నచోట నిలబడి రెండుసార్లు మడమతో తొక్కి చూశాడు.

"గట్టిగానే ఉందమ్మా," అన్నాడు.

అతను వెళ్లిపోయాక రాజేశ్వరి అలవాటుగా అదే చోట కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా కిందికి దిగిన కాళ్లు దిగడానికి చోటు లేక ముందుకు చాపుకుంది. మళ్లీ ముడుచుకుంది. ఎలా పెట్టినా కుదరలేదు.