ఆస్పరాగస్ పీచు

పదమూడో కిలో దగ్గరికి వచ్చేసరికి వాల్‌బుర్గా బొటనవేలు తిమ్మిరెక్కింది. తెల్ల ఆస్పరాగస్ కాడను ఎడమ ముంజేతి మీద పడుకోబెట్టి, మొగ్గ కింద నుంచి మొదలు దాకా కత్తి లాగుతోంది. తిప్పడం, లాగడం, మళ్ళీ తిప్పడం. ఒళ్ళో పరిచిన గోనె మీద తొక్కలు పడుతున్నాయి. వాటినీ పారేయరు, సూప్‌కి ఉడికిస్తారు. కత్తి ఆమెదే. పిడికి నీలం గుడ్డ చుట్టుకుంది. ఏటా ఇంటికి తీసుకుపోయి చలికాలమంతా దాన్ని సానపెట్టుకుంటుంది. మైన్ నది ఒడ్డున ద్రాక్షతోటల ఊళ్ళో, లోరెంజ్ భోజనశాల వెనక వసారాలో, ముప్పై ఆరు వసంతాలుగా ఆమె పని ఇదే.

ఇవాళ జూన్ ఇరవై నాలుగు, సెయింట్ జాన్ పండగ. ఇక ఈ ఏడు ఎవరూ కాడ కోయరు, మొక్క వచ్చే ఏటికి బలం పుంజుకోవాలి. వాల్‌బుర్గా ఉద్యోగానికి కాగితం లేదు. ఏటా ఈ రోజు పని అయ్యాక లోరెంజ్ తన తోట సిల్వానర్ వైన్ ఒక గ్లాసు పోసి, "వచ్చే వసంతానికి రా, బుర్గా" అంటాడు. మిగతా పది నెలలూ ఆమె ఆ మాట పట్టుకునే బతుకుతుంది.

ఈ ఏడు ఆ మాట వస్తుందో రాదో. రెండేళ్ళుగా దగ్గరి చూపు మసకబారింది. ఎవరికీ చెప్పలేదు. తెల్లటి కాడ మీద తెల్లటి తొక్క, మంచి కళ్ళకే అంతంతమాత్రంగా కనిపిస్తుంది. వేలితో తడిమి నెట్టుకొస్తోంది. ఈ నెలలో పీచు తగిలిందని రెండు పళ్ళేలు వెనక్కొచ్చాయి. తొక్క తీసే యంత్రం కోసం లోరెంజ్ కోడలు ఆన్యా అప్పుడే ఫోన్లు చేస్తోంది.

"కట్టుడు పళ్ళ ముసలాళ్ళు, వాళ్ళకేం తెలుస్తుంది" అని వాల్‌బుర్గా కొట్టిపారేసింది. తనవీ కట్టుడు పళ్ళేనన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు పాపం.

మధ్యాహ్నానికి ముంగిట్లో బల్లలన్నీ నిండాయి. కరిగించిన వెన్న, హామ్, కొత్త బంగాళాదుంపలు, బల్లపరుపు పొట్ట సీసాల్లో సిల్వానర్. ఊరి వడ్రంగి గోట్‌హార్డ్, పక్క బల్ల దగ్గరి పట్నం ఆయనకు పాఠం మొదలెట్టాడు.

"తియ్యటి వైన్ అడక్కండి సార్. మరీ పుల్లటిదీ వద్దు, కాడ చేదెక్కిపోద్ది. మా సిల్వానర్ ఉందే, మట్టి మనిషి. తన గొప్ప చెప్పుకోదు. పక్కన కూర్చుని తిననిస్తుంది. అచ్చం మా బుర్గక్కలాగ."

"మధ్యలో నా పేరెందుకురా, నోరు మూసుకుని తిను" అంది వాల్‌బుర్గా వంటింటి కిటికీలోంచి. లోపల మాత్రం పొంగిపోయింది.

ఇవాళ ఒక్క పళ్ళెమూ వెనక్కి రాలేదు. మూడింటికి అతిథులు వెళ్ళాక, ఆనవాయితీ ప్రకారం చివరి బుట్ట కాడలు వసారాలో ఇంటివాళ్ళకూ పనివాళ్ళకూ వడ్డించారు. వాల్‌బుర్గా ధీమాగా కూర్చుంది. రెండో ముక్క నోట్లో పెట్టుకోగానే నాలుకకు తగిలింది. దారప్పోగులాంటి పీచు. నమిలింది. తెగలేదు. మింగేసింది.

తలెత్తి చూసింది. దూరంగా ఉన్నవి ఆ కళ్ళకు బాగానే ఆనుతాయి. లోరెంజ్ చాలాసేపటి నుంచి ఒకే ముక్క నములుతున్నాడు. రుమాలు అడ్డం పెట్టుకుని ఏదో తీసి పళ్ళెం అంచు కింద దాచాడు. ఆన్యా పళ్ళెం పక్కన అప్పటికే రెండు పోగులున్నాయి. ఎవరైనా తిట్టినా బాగుండేది అనిపించింది వాల్‌బుర్గాకు. ఈ నెలంతా పళ్ళేలు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళలో ఎంతమంది ఇలా మర్యాదకు మింగారో అనుకుంది. సిగ్గుతో చెవులు మండాయి.

లోరెంజ్ లేచి గ్లాసు నింపి ఆమె ముందు పెట్టాడు.

"చల్లగా ఉంది. మెల్లగా తాగు, బుర్గా."

ఆమె ఎదురుచూసింది. అతను సీసా బిరడా బిగించాడు.

"ఇంకేమన్నా చెప్పాలా, లోరెంజ్ గారూ?"

"ఏముంటుంది." అతను పెరట్లోకి చూశాడు. "ఒళ్ళు జాగ్రత్త."

గ్లాసు అడుగు దాకా తాగింది. వైన్ తప్పేమీ లేదు, ఎప్పటిలాగే బాగుంది. ఏప్రన్ విప్పి మడత పెట్టింది. తొక్కల గోనె దులిపింది. ఆన్యా బుగ్గ మీద ముద్దు పెట్టి, నాలుగున్నర బస్సెక్కి వెళ్ళిపోయింది.

బస్సు మలుపు తిరిగాక లోరెంజ్ గ్లాసు తీయడానికి వసారాలోకి వచ్చాడు. కిటికీ గట్టు మీద నీలం గుడ్డ చుట్టిన కత్తి ఉంది, శుభ్రంగా తుడిచి, పిడి వంటింటి వైపు తిప్పి.