నానమ్మ ఎడమ చంక

గుప్పెడుది ఎడమచేతివాటమని నానమ్మ వీధంతా టముకు వేసింది. వేయదూ మరి! నెలలు నిండకుండా, కిలో కూడా తూగకుండా పుట్టి, గుప్పెడంతే ఉందని ఆ ముద్దుపేరు తెచ్చుకుని, ఆసుపత్రి గాజుపెట్టెలో పెరిగిన మనవరాలు ఇప్పుడు గిలక్కాయ కనిపిస్తే చాలు, ఎడమచేత్తో గద్దలా తన్నుకుపోతోంది. పోయిన తాతగారిదీ ఎడమచేతివాటమే. అచ్చం ఆయన పోలికేనని ముసలావిడ మురిసి ముక్కలైంది.

కోడలితో కలిసి పిల్లను పరీక్షకు తీసుకెళ్లినప్పుడు ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరా అదే పాట. ఆవిడ మురవలేదు సరికదా, కనుబొమలు ముడిచింది.

"ఏడాదైనా నిండలేదు, అప్పుడే చేతివాటం ఉండకూడదమ్మా. రెండు చేతులూ వాడాలి. ఒక్కటే వాడుతోందంటే రెండోదానిలో బలం తక్కువేమో చూడాలి. ఇంత చిన్నగా పుట్టినవాళ్లలో ఆ భయం ఉంటుంది."

పిల్ల ఎడమచేయి మెల్లగా పట్టుకుని, కుడివైపు గిలక్కాయ ఆడించింది. గుప్పెడు రాగం తీసిందే తప్ప కుడిచేయి కదపలేదు. కోడలి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఇన్నాళ్లూ తాను ఊరంతా చాటింది పిల్ల లోపాన్నా అనుకుంది నానమ్మ.

"పగలంతా ఎవరెత్తుకుంటారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఇంకెవరు, నేనే. కింద దింపితే ఒట్టు."

"ఎలాగో చూపించండి."

నానమ్మ అలవాటుగా ఎడమ చంకన వేసుకుంది. పిల్ల కుడిచేయి ఆమె వీపు వెనక్కి పోయి నొక్కుకుపోయింది. ముందు ఆడడానికి మిగిలింది ఎడమచేయి ఒక్కటే.

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "దాని చేతిని మీరే కట్టేశారమ్మా. కారణం ఇదేనని ఇప్పుడే చెప్పలేను. చంక మార్చండి, కిందా ఆడనివ్వండి. చూద్దాం."

కుడి తుంటి నొప్పిని గట్టున పెట్టి నానమ్మ చంక మార్చింది. గుప్పెడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. కుడిచేయి మాత్రం వేలాడుతూనే ఉండేది. ముసలావిడకు ముద్ద దిగడం మానేసింది.

ఒక పొద్దున కుడి చంకన పిల్లతో గిన్నెలు సర్దుతుంటే చెవి పక్కన జుట్టు చుర్రుమంది. ఓరగా చూస్తే కుడిచేయి! అదీ పిడికిలి బిగించి, కుదుళ్లతో సహా పీకేలా లాగుతోంది.

"ఒసేవ్, రావే, పరుగెత్తుకుని రా!"

కోడలు పరుగున వచ్చి, "అయ్యో అత్తయ్యా, ఉండండి, వదిలిస్తా" అని చేయి చాచింది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. పీకనీ."

నానమ్మ కళ్ల నిండా నీళ్లు. ఆ చేతికి ఇంకాస్త అందేలా తల వంచింది.